తోట బొమ్మల కోసం తెనాలి, దుర్గి, ఆళ్ళగడ్డ

నూజివీడు దగ్గర ఉన్న మా మామిడితోటలో పిల్లలకు నవ్వు తెప్పించే బొమ్మలు నిలబెట్టాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. నర్సరీలలో అమ్మే సిమెంటు కొంగలు, పుట్టగొడుగులు ఎవరికీ నచ్చకపోవడంతో శిల్పులు ఉన్న ఊళ్ళకే వెళ్ళి చూసి వచ్చాము.

పాత ఇనుముతో చేసే బొమ్మలకు తెనాలి పెట్టింది పేరు. సూర్య శిల్పశాల వారు వేలాది నట్లను అతికించి చేసిన గాంధీ విగ్రహంతో ఆ విద్య దేశమంతటికీ తెలిసింది. మా మనసు మాత్రం ఒక చిన్న షెడ్డు మూలన ఉన్న మిడత మీద పడింది. మోటారుసైకిల్ షాకబ్జార్బరు దాని పొట్ట, గొలుసు ముక్కలు కాళ్ళు, బేరింగులు కళ్ళు, బ్రేకు తీగలు మీసాలు. ధర చెప్పడానికి ముందే ఆ శిల్పి తోట ఫోటోలు అడిగి, స్ప్రింక్లర్ నీళ్ళు పడే చోట తుప్పు త్వరగా పడుతుందని, ఎండలో ఉంచితే వేసవిలో పిల్లల చేతులు కాలుతాయని, అందువల్ల చెట్టు నీడనే ఎంచుకోమని చెప్పారు. స్టేషను దగ్గరి లాడ్జి శుభ్రంగానే ఉంది కాని, రాత్రంతా రైళ్ళ కూతలే; కుటుంబంతో వెళ్ళేవారు గుంటూరులో బస చేయడం మేలు.

మాచర్లకు దగ్గరలోని దుర్గిలో పని అంతా రాతి మీదనే. దేవతామూర్తులను శాస్త్రం చెప్పిన కొలతలతో చెక్కే పెద్దాయనను గొడుగు పట్టుకున్న కప్ప కావాలని అడిగితే మొదట నవ్వారు. తరువాత సుద్దముక్కతో రాతి మీదనే బొమ్మ గీసి, గొడుగు అంచు పలుచనైతే లారీ కుదుపులకే విరుగుతుందని, దాని బదులు తల మీద మందపాటి తామరాకు పెడదామని అన్నారు. నిజానికి అదే మా ఊహ కన్నా బాగుంది. బసకు నాగార్జునసాగర్ అనుకూలం. అక్కడి నుంచి లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళి (శుక్రవారం సెలవు), పలనాటి సున్నపురాయి మీద ఇక్ష్వాకుల కాలపు శిల్పులు ఎంత సన్నని పని చేశారో చూశాక ఆర్డరు ఇస్తే, ఏమి అడగవచ్చో తెలుస్తుంది.

ఆళ్ళగడ్డలోని రాతి పనిలో నునుపు, ముగింపు గొప్పగా ఉన్నాయి. అయితే మేము వెళ్ళిన చోట గుడుల పనులే చేతి నిండా ఉండడం వల్ల మా చిన్న ఆర్డరుకు చాలాకాలం ఆగాలన్నారు. అహోబిలం యాత్రతో కలుపుకుంటే తప్ప, తోట బొమ్మల కోసమే అంత దూరం వెళ్ళమని నేను చెప్పను.

మిడతను, కప్పను ఖాయం చేశాము. బేరం కన్నా రవాణాయే పెద్ద తలనొప్పి. ఒక లారీ యజమాని కప్పను ఊరి పొలిమేరలో దించి, తోట దాకా ట్రాక్టరు ఖర్చు మీదేనన్నాడు. కాబట్టి ఎత్తుడు, దింపుడు కూలితో సహా దిమ్మె మీద నిలబెట్టే వరకు బాధ్యత ఎవరిదో రసీదులోనే రాయించుకోవాలి. వేసవిలో ఆ రేకుల షెడ్ల కింద పిల్లలతో నిలబడడం కష్టం. సంక్రాంతి సెలవుల తరువాత వెళ్తే ఎండ పెరగకముందే పని పూర్తవుతుంది.