రాబోవు చిత్రాల బోర్డు మీద మూడు పోస్టర్లు: ముందు దేనికి వెళ్దాం?

మా ఊళ్ళో మిగిలింది ఒక్కటే హాలు. ఒకే తెర, రోజుకు నాలుగు ఆటలు, బాల్కనీ 100 రూపాయలు. కౌంటర్ పక్కన ‘రాబోవు చిత్రములు’ అని పెయింటుతో రాసిన చెక్కబోర్డు ఇప్పటికీ ఉంది. ఈ వారం దాని మీద మూడు పోస్టర్లు పడ్డాయి. ఒకటి పెద్ద హీరో కొత్త సినిమా. ఇంకొకటి పాత హిట్టు, ‘4కె’ అని పెద్దక్షరాలతో రీ-రిలీజ్. మూడోది కొత్త కుర్రాళ్ళ చిన్న సినిమా, పోస్టర్ మీద ఒక్క ముఖం కూడా తెలియదు. ఇంట్లో నలుగురం. నెలకు రెండు సినిమాలే మా లెక్క. ఒకటి వదులుకోక తప్పదు.

పెద్ద సినిమా గురించి ఎక్కువ ఆలోచించలేదు. మొదటి వారం రేటు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిస్తే ఆ భారం మా మీదే పడుతుంది. పైగా అలాంటి సినిమాకు పెట్టిన ఖర్చంతా సౌండులోనూ గ్రాఫిక్స్‌లోనూ ఉంటుంది. మా హాల్లో చుట్టూ, పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ సౌండు లేదు, కుడివైపు స్పీకరు ఒకటి ఎప్పుడూ గరగరమంటుంది. బస్సెక్కి విజయవాడ మల్టీప్లెక్స్‌కి పోతే బాగానే ఉంటుంది గానీ అక్కడ టికెట్టు కన్నా పాప్‌కార్నే బరువు. ఎలాగూ ఈ సినిమా ఎక్కడికీ పోదు. రెండోవారం మంగళవారం ఫస్ట్ షోకి కాళ్ళు చాపుకుని చూడొచ్చు.

రీ-రిలీజ్ దగ్గరే ఇంట్లో పేచీ. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ ప్రత్యేక ఆటలు వేశాక ఈ మోజు బాగా పెరిగింది. ఆ ఏడాదే ‘జల్సా’, డిసెంబరు 31న ‘ఖుషి’ మళ్ళీ వచ్చాయి. డైలాగులన్నీ కంఠతా వచ్చిన సినిమాకి జనం ఎందుకు వస్తారంటే, తెర మీది బొమ్మ కోసం కాదు, హాల్లో ఈలలతో, రంగులతో జరిగే జాతర కోసం. మా పెద్దాడికి కావలసింది అదే. ఇక 4కె అన్న మాట నమ్మి మాత్రం వెళ్ళకండి. 4కె అంటే బొమ్మలో అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలు. మా హాలు ప్రొజెక్టరు 2కె, అంటే అందులో సగమే. అక్కడ మెరుగు కనిపిస్తే అది ప్రింటును శుభ్రం చేసిన పుణ్యమే గానీ, 4కె మహిమ కాదు.

నాన్న గొడవ వేరు. ఆయన ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ని 1990 మే నెలలో, తుపాను వానల్లోనే చూశారు. బెంచీ కింద నీళ్ళు, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారట. సరిగ్గా 35 ఏళ్ళకు, 2025 మే 9న అది మళ్ళీ విడుదలైతే ముచ్చటపడి వెళ్ళారు. ఇంటర్వెల్లోనే బయటికొచ్చి, “ఈలల్లో ఒక్క పాటా వినిపించలేదురా” అన్నారు. కాబట్టి రీ-రిలీజ్‌కి వెళ్ళాలంటే మొదటిరోజు సెకండ్ షోకి కుర్రాళ్ళు వెళ్ళాలి, సినిమా చూడాలనుకునే పెద్దవాళ్ళు మర్నాడు మ్యాట్నీకి వెళ్ళాలి. రెంటికీ మధ్య వెళ్తే రెండూ దక్కవు. నిడివి కూడా కనుక్కోండి. ‘బాహుబలి: ది ఎపిక్’లా రెండు భాగాలు కలిపి మూడు ముప్పావు గంటలైతే సెకండ్ షో వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది.

చిన్న సినిమాకి ఇవేవీ లేవు. దానికున్న చిక్కు ఒక్కటే, రోజులు. మన దగ్గర సింగిల్ స్క్రీన్లలో చాలావరకు అద్దె పద్ధతి నడుస్తుంది. వారానికి ఇంత అని హాలుకు కట్టాలి, జనం వచ్చినా రాకపోయినా. వసూళ్ళలో వాటా పద్ధతి కావాలని 2025 వేసవిలో హాళ్ళవాళ్ళు జూన్ 1 నుంచి మూసేస్తామని కూడా అన్నారు, తరవాత వెనక్కి తగ్గారు. వాళ్ళ కష్టం వాళ్ళది. కానీ అద్దె కట్టి వేసుకున్న చిన్న నిర్మాతకు ఆదివారం కల్లా కలెక్షన్ రాకపోతే సోమవారం పోస్టర్ మారిపోతుంది. పదిమంది కూడా రాకపోతే ఆటే వెయ్యరు, డబ్బులు తిరిగిచ్చి పంపేస్తారు. నాకు రెండుసార్లు అయింది.

నోటిమాట పాకడానికి టైము కావాలి, ఆ టైమే వీటికి దొరకదు. దొరికితే నిలబడ్డవీ ఉన్నాయి. ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించినవాళ్ళు చాలామంది ఆ ఊరివాళ్ళే, స్టార్లెవరూ లేరు. ‘బలగం’ 2023 మార్చిలో వచ్చినప్పుడు ఊళ్ళలో తెరలు కట్టి మరీ వేసుకున్నారు. ఆ చివరి సన్నివేశం మా హాల్లో చూశాను. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు, వెనకాల ఇంకొకరు. ఆ సినిమా అదే నెలలో ఓటీటీకి వచ్చేసింది, ఇంట్లో మళ్ళీ చూశాం. ఏడుపు వచ్చింది గానీ, మధ్యలో కుక్కర్ విజిల్ కూడా వచ్చింది.

“ఓటీటీలో వస్తుందిగా” అని చిన్న సినిమానే అందరూ వాయిదా వేస్తారు. నాకు అది తలకిందుల లెక్కలా ఉంది. రెండో వారం దాకా ఆగగలిగేది పెద్ద సినిమాయే. బాగుండకపోతే? నాలుగొందలు పోతాయి, నిజమే. శుక్రవారం మ్యాట్నీ చూసొచ్చినవాళ్ళని సైకిల్ స్టాండు దగ్గర ఒక్కమాట అడిగితే సగం ప్రమాదం తప్పుతుంది.

కాబట్టి శనివారం ఫస్ట్ షో, చిన్న సినిమాకి నాలుగు టికెట్లు. పెద్ద సినిమా రెండోవారానికి. రీ-రిలీజ్‌కి పెద్దాడు తన పాకెట్‌మనీతో, స్నేహితులతో వెళ్తానన్నాడు. తెల్లచొక్కా వేసుకోవద్దని మాత్రం చెప్పాను, కిందటిసారి రంగు ఇంకా వదల్లేదు.