బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకు బీమా: పాలసీ పత్రం చదివిన తరువాత

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌ను ఎక్కువ వేగం ఉన్న ప్లాన్‌కు మార్చుకుంటున్నప్పుడు, దరఖాస్తు చివరి పేజీలో ‘బిల్లు చెల్లింపు రక్షణ’ అనే చిన్న గడి కనిపించింది. ఉద్యోగం పోయినా, జబ్బుపడి పనికి వెళ్లలేకపోయినా నెలనెలా బిల్లును బీమా సంస్థే కడుతుందని, అందుకు బిల్లు మొత్తంలో 5 శాతం ప్రీమియంగా అదే బిల్లులో కలిసి వస్తుందని అక్కడ రెండే వాక్యాల్లో చెప్పారు. మొత్తం చిన్నది కాబట్టి ఎక్కువ మంది ఆలోచించకుండానే టిక్ పెట్టేస్తారు. నేను మాత్రం పాలసీ పత్రం తెప్పించుకుని రెండుసార్లు చదివాను. ఈ సమీక్ష ఆ పత్రం గురించే గాని కనెక్షన్ గురించి కాదు. కనెక్షన్‌కు వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు.

పత్రం ప్రకారం క్లెయిమ్ సొమ్ము మన చేతికి రాదు, నేరుగా ఇంటర్నెట్ సంస్థ ఖాతాకు వెళ్తుంది. పాలసీ మొదలైన తొలి 30 రోజుల్లో ఉద్యోగం పోతే క్లెయిమ్ చెల్లదు. ఆ గడువు దాటిన తరువాత పోయినా, మరో 30 రోజులు వరుసగా ఖాళీగా ఉంటే తప్ప చెల్లింపు మొదలు కాదు. మొదలైన తరువాత గరిష్ఠంగా ఆరు బిల్లులు కడతారు. పాత బకాయిలు, విడిగా కొనుక్కున్న సినిమాలు, అదనపు సేవలు ఇందులోకి రావు.

ఇక లెక్క చూద్దాం. బిల్లును 100 అనుకుంటే ప్రీమియం నెలకు 5, ఏడాదికి 60. బీమా సంస్థ ఎంత ఉదారంగా ఉన్నా ఒక క్లెయిమ్‌కు ఇచ్చేది 600, అంటే సరిగ్గా పదేళ్ల ప్రీమియం. పెట్టిన సొమ్ముకు సమానంగా తిరిగి రావాలంటే పదేళ్లకొకసారి ఉద్యోగం పోవాలి, పోయిన తరువాత ఏడు నెలలు దొరకకుండా ఉండాలి. మూడు నెలల్లో మరో ఉద్యోగం దొరికిందనుకుంటే, మొదటి నెల మినహా రెండు బిల్లులు మాత్రమే కడతారు. ఆ 200 మనం మూడు సంవత్సరాల నాలుగు నెలల్లో కట్టిన ప్రీమియంతో సమానం. అయినా బీమాను లాభనష్టాలతో మాత్రమే తూచడం సరికాదని నాకు తెలుసు. ఇల్లు కాలిపోవాలని కోరుకుంటూ ఎవరూ అగ్నిప్రమాద బీమా కట్టరు. అయితే ఇల్లు కాలిపోతే ఆ నష్టాన్ని మనం భరించలేము, ఆరు నెలల ఇంటర్నెట్ బిల్లును ఎలాగో ఒకలా భరించగలం. బీమా అనేది మొదటి రకం నష్టం కోసం పుట్టిన ఏర్పాటు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఈ లెక్క కాదు, ‘బీమా పొందిన వ్యక్తి’ అనే మాటకు పత్రం ఇచ్చిన నిర్వచనం. బిల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ ఒక్క వ్యక్తికే ఈ రక్షణ వర్తిస్తుంది. మా ఇంట్లో కనెక్షన్ మా నాన్నగారి పేరు మీద ఉంది, బిల్లు కట్టేది నేను. నాన్నగారు పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది కాబట్టి ఆయనకు పోవడానికి ఉద్యోగమే లేదు. ఉద్యోగం పోయే ప్రమాదం ఉన్న నాకు పాలసీతో సంబంధం లేదు. పైగా పాలసీలో చేరడానికి గరిష్ఠ వయసు 65 అని మరో పేజీలో ఉంది. అంటే మేము టిక్ పెట్టి ఉంటే, క్లెయిమ్ చేయగలిగినవారు ఒక్కరూ లేని ఇంటి నుంచి ప్రతి నెలా ప్రీమియం వెళ్తూ ఉండేది. కనెక్షన్ తల్లిదండ్రుల పేరుమీదో, ఉద్యోగం చేయని భార్య లేదా భర్త పేరుమీదో, ఇంటి యజమాని పేరుమీదో ఉన్న కుటుంబాలు ఎన్నో ఉంటాయి. వీరందరికీ దరఖాస్తులో కనిపించేది అదే గడి. ఆదాయం కుటుంబానిది, బిల్లు కుటుంబానిది, బీమా మాత్రం ఒక పేరుది.

మినహాయింపుల పేజీ ఊహించినట్టే ఉంది. సొంత వ్యాపారం చేసుకునేవారు, గడువు ముగిసి కాంట్రాక్టు పోయినవారు, తామే రాజీనామా చేసినవారు, పాలసీ తీసుకునేనాటికే తొలగింపు నోటీసు అందుకున్నవారు క్లెయిమ్‌కు అర్హులు కారు. అంతకుముందే ఉన్న జబ్బులకు, నడుము నొప్పికి, మానసిక ఒత్తిడికి వేర్వేరు షరతులు ఉన్నాయి.

చెల్లింపు రక్షణ బీమా అనే సరుకుకు బ్రిటన్‌లో పెద్ద చరిత్రే ఉంది. అక్కడ బ్యాంకులు ఇంటి బిల్లులకు కాక, అప్పులకు, క్రెడిట్ కార్డులకు తగిలించి దాన్ని అమ్మాయి. నిరుద్యోగులకు, స్వయం ఉపాధి పొందేవారికి, అంటే ఎప్పటికీ క్లెయిమ్ చేయలేనివారికి కూడా అంటగట్టినట్టు తేలింది. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, కట్టిన ప్రీమియంలో 71.8 శాతం కమీషన్లకే పోయినట్టు వెల్లడైంది. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29ని చివరి గడువుగా పెట్టారు. తిరిగి చెల్లించిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది. 2011లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, అప్పు ఇచ్చే సమయంలోనూ ఆ తరువాత ఏడు రోజుల వరకూ ఆ బీమాను అమ్మజూపకూడదు. ఆ నిబంధన బ్రాడ్‌బ్యాండ్ బిల్లులకు పెట్టింది కాదు. కానీ నాకు అది ఎంతో తెలివైన ఏర్పాటుగా తోచి, నాకు నేనే ఏడు రోజుల గడువు పెట్టుకున్నాను. కనెక్షన్ కావాలన్న తొందరలో ఉన్న మనిషికి గడిని ఖాళీగా వదలడం కష్టం. వారం తరువాత అదే మనిషి వెతుక్కుంటూ వెళ్లి ఆ బీమా కొంటాడా అన్నది వేరే ప్రశ్న.

ఈ పాలసీ ఎవరికీ పనికిరాదని నేను అనను. ఉద్యోగం పోయిన రోజుల్లో దరఖాస్తులకు, ఇంటర్వ్యూలకు ఇంటర్నెట్ మరింత అవసరమవుతుంది, అప్పుడు కనెక్షన్ తెగితే కష్టమే. కనెక్షన్ తన పేరు మీదే ఉండి, శాశ్వత ఉద్యోగంలో ఒంటి సంపాదనతో ఇల్లు నడుపుతూ, చేతిలో నిల్వ సొమ్ము లేకుండా, మధ్యలో మానేస్తే జరిమానా పడే రెండేళ్ల ఒప్పందంలో ఉన్నవారు దీన్ని పరిశీలించవచ్చు. అలాంటివారు కూడా ముందు రెండు విషయాలు అడిగి చూడాలి: కష్టకాలంలో తక్కువ ప్లాన్‌కు మారనిస్తారా, బిల్లును వాయిదాల్లో కట్టనిస్తారా అని. ఈ రెండింటికీ ప్రీమియం అక్కర్లేదు. మొత్తం ఆదాయానికే రక్షణ కావాలనుకుంటే ఆదాయ రక్షణ పాలసీలు విడిగా దొరుకుతాయి. వాటి సొమ్ము మన చేతికే వస్తుంది, బియ్యానికి వాడాలా ఇంటర్నెట్‌కు వాడాలా అన్నది మనమే తేల్చుకోవచ్చు.

ఏడో రోజున కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, కనెక్షన్ మా నాన్నగారి పేరు మీద ఉందని, నా ఉద్యోగం పోతే బిల్లు కడతారా అని ఒక్క ప్రశ్న అడిగాను. ఆ అమ్మాయి కాసేపు లైన్‌లో ఉండమని, తిరిగి వచ్చి, “కట్టరు సార్, మీ ఇంటికి ఇది వర్తించదండి” అని నిజాయితీగానే చెప్పింది. దరఖాస్తులో ఆ గడి పక్కన ‘కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, వారు ఉద్యోగం చేస్తున్నారా’ అని ఒక్క వాక్యం అడిగి ఉంటే, నేను పాలసీ పత్రం తెప్పించుకోవలసిన అవసరమే ఉండేది కాదు.