వెండి పార్కర్‌తో రాజమండ్రికి

నాన్నగారి కలం నల్లబడిపోయింది. రాస్తుంటే గీరుతోంది కూడా. ఈ రెండు బాధలూ పట్టుకుని పోయిన మార్గశిరంలో రాజమండ్రి వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాను. కలం కోసం అంత దూరమా అని ఇంట్లో అడిగారు. ఊరు చూడటం కూడా అయిందిలెండి, కానీ వెళ్లింది మాత్రం కలం కోసమే.

అది వెండి పార్కర్ 75. మా పెదనాన్నగారు అమెరికా నుంచి తెచ్చి నాన్నగారికి ఇచ్చారు. ఒంటి నిండా సన్నటి గళ్లు, గళ్ల మధ్య గీతల్లో నలుపు. పార్కర్ కంపెనీ 1888లో మొదలైంది. 1963కి 75 ఏళ్లు నిండాయని ఈ మోడల్‌కి ఆ పేరు పెట్టారు. కెన్నెత్ పార్కర్ దగ్గర ఉన్న వెండి సిగరెట్ పెట్టె మీది గళ్లు చూసి ఈ నగిషీ చేయించారని చెప్తారు. వెండి అంతా క్యాప్‌కీ బ్యారెల్‌కీ, అంటే మూతకీ ఒంటికీ మాత్రమే, వేళ్లు పట్టుకునే చోటు నల్ల ప్లాస్టిక్. అది వెండి కాదేమిటని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ సంగతి కూడా ఈ ప్రయాణంలోనే తెలిసింది.

నల్లబడిన కలాన్ని ముందు మా ఇంటి దగ్గర నగల కొట్లో ఇచ్చాను. మెరుగు పెట్టమన్నాను, అంతే. వాళ్లు మోటారు చక్రానికి ఆనించి తిప్పేశారు. అయిదు నిమిషాల్లో క్యాప్ అద్దంలా మెరిసింది కానీ, ఒకవైపు గళ్ల అంచులు అరిగిపోయాయి. గీతల్లోని నలుపు కూడా పోయింది. ఆ నలుపు మురికి కాదు, గళ్లు ఎత్తి కనబడాలని తయారీలోనే పెట్టినది. నేను పక్కన నిలబడి కూడా ఆపలేకపోయాను. బ్యారెల్ ముట్టుకోకుండా తీసుకొచ్చేశాను. వెండి కలం ఉన్నవాళ్లు ఎవరైనా సరే, దాన్ని చక్రం దగ్గరికి మాత్రం పంపకండి.

సిరా, కన్వర్టర్ (కలంలోకి ఇంకు పీల్చే చిన్న గొట్టం) లాంటివి కావాలంటే హైదరాబాద్‌లో దొరుకుతాయి. అబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న డెక్కన్ పెన్ స్టోర్స్‌కి నేను కాలేజీ రోజుల నుంచీ వెళ్తున్నాను. ఈసారి మాత్రం కలం చేసే మనిషి పక్కన కూర్చుని నా బాధ చెప్పుకోవాలనిపించింది. అందుకు మన దగ్గర రాజమండ్రే.

వెళ్లేటప్పుడు సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లవారుజామున గోదావరి దాటుతుంది. వందేభారత్ అయితే మధ్యాహ్నం ఎక్కి రాత్రికి దిగొచ్చు, కూర్చునే ప్రయాణమే కాబట్టి నడుముకి సుఖం. అయినా పొద్దున్నే దిగి పనికి పోవాలనుకునే వాళ్లకి గౌతమే మేలు. రైల్లో ఇంకు కలాలు తీసుకెళ్లే వాళ్లకి ఒక మాట. పాళీ పైకి ఉండేలా నిలబెట్టి పెట్టండి. నిండుగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. సగం ఖాళీ అయిన డ్రాపర్ కలం (డ్రాపర్‌తో నేరుగా ఒంట్లోకే ఇంకు పోసుకునేది) చేతిలో ఉంటే, చేతి వేడికి లోపలి గాలి పెరిగి ఇంకు కక్కుతుంది. నా దుప్పటి మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

మొదటి రాత్రికి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి తీసుకున్నాను. శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు ఉతికినవే. కానీ రాసుకోవడానికి బల్ల లేదు. ఉన్న ఒక్క బల్లమీదా టీవీ, దాని పక్కన చిన్న ఫ్రిజ్. మంచం మీద ఒళ్లో అట్ట పెట్టుకుని రాశాను, మెడ పట్టేసింది. బల్ల కావాలని అడిగితే తినడానికనుకుని, “అన్నం ఇక్కడికి తేరు, కింద హోటల్ ఉంది” అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. అతని తప్పేం లేదు, గదిలో కూర్చుని రాసుకుంటామనే వాళ్లు అతనికి ఎక్కువమంది తగలరు. రైలు దిగి పడుకుని లేచిపోయే వాళ్లకి ఆ గది చాలు.

మర్నాడు గోదావరి గట్టువైపు మారాను. పాత లాడ్జి, లిఫ్టు లేదు, మూడో అంతస్తు. అద్దె ఆరొందలు ఎక్కువ. గదిలో మాత్రం కిటికీ కింద పాతకాలపు టేకు బల్ల. వెలుతురు ఎడమ వైపు నుంచి పడుతుంది, రాసే చెయ్యి నీడ కాగితం మీదికి రాదు. కలం కడుక్కోవాలి, ఇంకో మగ్గు ఇస్తారా అని అడిగితే మగ్గుతో పాటు పాత పేపర్లు కూడా తెచ్చి ఇచ్చారు. కుళాయిలో బోరు నీళ్లు, తాగడానికి ఫిల్టర్ నీళ్లు. పాళీని బోరు నీళ్లలో కడిగితే ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఫిల్టర్ నీళ్లే వాడుకున్నాను. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి ఆ మెట్లు కష్టం. నాకైతే ఆ బల్ల కోసం నాలుగో అంతస్తైనా ఎక్కేదాన్నే.

ఇక కలాల సంగతి. రాజమండ్రిలో కలాలు చేయడం స్వదేశీ రోజుల్లో మొదలైంది. 1932లో కోసూరి వెంకటరత్నం గారు రత్నం పెన్స్ పెట్టారు. ఆయన చేసిన కలం, గాంధీగారి అనుచరులు జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీగారికి చేరింది. వాడి చూశాననీ, బజార్లో దొరికే విదేశీ కలాలకు బదులుగా బాగానే ఉందనీ 1935 జులైలో గాంధీగారు వెంకటరత్నం గారికి ఉత్తరం రాశారు. తర్వాత గైడర్ లాంటి కలాల కంపెనీలు వచ్చాయి. ఇక్కడి కలాలు ఎక్కువగా ఎబొనైట్‌వి. ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. కడ్డీని లేతు మీద పెట్టి, ఉలి లాంటి పనిముట్టుతో చేత్తో తిప్పుతూ తీస్తారు. నల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా కింద పడుతుంది. గదంతా కొంచెం కాలిన వాసన.

నేను వెళ్లిన చోట ఒక పెద్దాయన లేతు దగ్గర ఉన్నారు. బాబాయ్‌గారూ, ఇది కాస్త చూస్తారా అని నాన్నగారి కలం ఇచ్చాను. ఆయన కలాన్ని చూడకుండా ముందు నా డబ్బా వైపు చూశారు. బిస్కెట్ల రేకు డబ్బా. అందులో పార్కర్‌తో పాటు నేను ఏళ్లుగా కొనుక్కున్న ఎబొనైట్ కలాలు అయిదు, చుట్టూ రబ్బరు బ్యాండు.

“రెండూ ఒకే పెట్టెలో పెట్టేరా అమ్మా?” అన్నారు.

“అవునండీ, ఎప్పుడూ అంతే.”

“మరింకేం. మీ వెండిని నల్లగా చేస్తుంది మా కలాలేనండి.”

ఎబొనైట్‌లోని గంధకం కొంచెం కొంచెంగా గాలిలోకి వస్తూనే ఉంటుంది. రబ్బరు బ్యాండు నుంచీ వస్తుంది. మూత పెట్టిన డబ్బాలో అది ఎటూ పోలేదు. వెండికి తగిలి వెండి సల్ఫైడ్ అనే నల్లటి పొర అవుతుంది. గాలిలో తేమ ఉంటే ఇంకా తొందరగా. గుడ్డు తినడానికి వాడిన వెండి చెంచా నల్లబడేదీ ఇందుకే. నేను రెండింటినీ ఇష్టపడే ఒక చోట దాచాను. వాటిని అలా దాచకూడదని పదిహేనేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఆయన ముందే డబ్బా ఖాళీ చేసి పార్కర్‌ని నా నూలు రుమాల్లో చుట్టాను.

నలుపు తీయడం ఎలా అని అడిగాను. మా ఇంట్లో వెండి కుందులు విబూదితో తోముతాం, చింతపండు కూడా వాడతాం. కుందులకి పరవాలేదు, గళ్ల కలానికి వద్దన్నారాయన. విబూది గరుకు, గీతల్లో ఇరుక్కుంటుంది. అల్యూమినియం కాగితం, వంట సోడా, వేడినీళ్ల పద్ధతి కూడా వద్దే. అది నల్లపొరని తిరిగి వెండిగా మార్చేస్తుంది నిజమే కానీ, గీతల్లో కావాలని పెట్టిన నలుపుని కూడా వదలదు. పైగా కలం లోపలికి వేడినీళ్లు పోతే ఇంకో గొడవ. మెత్తటి పాత నూలుగుడ్డతో పొడవుగా తుడవమన్నారు, గుండ్రంగా కాదు. వెండికని అమ్మే మందు పట్టించిన గుడ్డ ఉంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎత్తుగా ఉన్న గళ్ల మీద మాత్రమే.

“అసలు మందు చెయ్యేనండి. రోజూ రాస్తే గళ్లు మెరుస్తాయి, గీతలు నల్లగా ఉంటాయి. దాచిందే నల్లబడుద్ది.”

క్యాప్ మీద అరిగిన చోటు చూపించాను. ఆయన కాసేపు వేలితో తడిమారు. ఏమీ చేయొద్దు, రాస్తూ ఉంటే గీతల్లో నలుపు మెల్లగా మళ్లీ వస్తుంది అన్నారు. గళ్ల అంచులు మాత్రం రావు.

గీరుడు సంగతికి వచ్చేసరికి ఆయన పాళీని భూతద్దంలో చూసి, రెండు ముక్కలూ సమంగా ఉన్నాయన్నారు. తర్వాత నన్ను రాయమన్నారు. నేను నిటారుగా పట్టుకుని రాస్తాను. నాన్నగారు చెయ్యి బాగా ఎడమకి వంచి రాసేవారు, అక్షరాలు గాలికి వాలిన వరిలా ఉండేవి. పార్కర్ 75 పాళీని పట్టు దగ్గర కొంచెం తిప్పుకోవచ్చు, ఎంత తిప్పామో చెప్పడానికి చిన్న రింగు మీద గుర్తులుంటాయి. మనిషి చేతివాటాన్ని బట్టి సరిచేసుకోవడానికే అలా చేశారు. నాన్నగారి పాళీ మధ్య గుర్తుకి రెండు గీతలు పక్కకి తిరిగి ఉంది.

“పాళీకి రోగం లేదమ్మా. అది మీ చేతికి పెట్టింది కాదు. తిప్పమంటారా?”

నాకు నోట మాట రాలేదు. ఆ రింగు మీద గుర్తులున్నాయని కూడా నేనెప్పుడూ చూడలేదు. నాన్నగారు ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తిప్పుకున్నారో తెలియదు. రేపు చెప్తానని లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం రోజ్ మిల్క్ తాగి పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. గాలి ఎక్కువ, కాగితం నిలవదు. అక్కడ రాసుకోవాలనుకునే వాళ్లు గట్టి అట్ట ఉన్న పుస్తకం తెచ్చుకోండి.

రెండో రోజు మిగతా దుకాణాలు తిరిగాను. ఒకచోట వెండి కలం చూపించారు. నున్నగా, బరువుగా, పట్టుకునే చోటు కూడా వెండే. చేతిలోకి తీసుకోగానే చల్లగా ఎంతో బాగుంది. అర పేజీ రాసేసరికి వేళ్లకి చెమట పట్టి జారడం మొదలైంది. గోదావరి ఒడ్డు ఉక్కకి ఆ పట్టు నిలవదు. పార్కర్ వాళ్లు వేళ్ల దగ్గర ప్లాస్టిక్ ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. కొనేవాళ్లు ఒంటికి వెండి, పట్టుకి ఎబొనైటో ప్లాస్టికో ఉన్నది చూసుకోండి. వెండి మీద 925 ముద్ర చూడండి. అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. అచ్చంగా వెండైతే కలానికి మరీ మెత్తన, తొందరగా సొట్టలు పడుతుంది.

ఇంకోచోట కలాలు అమ్మే ఆయన నన్ను రాసి చూడనివ్వలేదు, ముంచి ఒక గీత గీసి ఇచ్చేశారు. కొనలేదు. ముంచి గీస్తే ఏ పాళీ అయినా బాగానే రాస్తుంది. ఇంకు నింపి ఒక పేజీ రాస్తేనే దాని గుణం తెలుస్తుంది. మీ కాగితం, మీ ఇంకు తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనాల వేళ పనివాళ్లు ఉండరు. పదకొండు లోపు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. ఆదివారం పెట్టుకోవద్దు.

బజారులో ఒక వెండిపని చేసే ఆయన్ని క్యాప్ గురించి అడిగాను. చక్రం పెట్టను, గళ్లు పోతాయి అని వెంటనే చెప్పేశారు. డబ్బులు తీసుకోలేదు. ఇంటి దగ్గర ముందే ఇలాంటి మనిషి దొరికి ఉంటే బాగుండేది.

మూడో రోజు పొద్దున కిటికీ దగ్గర బల్లమీద నాన్నగారి పాత ఉత్తరం ఒకటి పెట్టుకున్నాను. ఆయనలా చెయ్యి ఎడమకి వంచి అదే ఉత్తరం చూస్తూ రాశాను. గీరలేదు. ఒక పేజీ అలాగే రాశాను, ఎక్కడా ఆగకుండా. మామూలుగా పట్టుకుంటే మళ్లీ గీరింది. పది గంటలకి పెద్దాయన దగ్గరికి వెళ్లి తిప్పమన్నాను. ఆయన రింగు దగ్గర పట్టుకుని మెల్లగా మధ్య గుర్తుకి తెచ్చారు. అర నిమిషం పని. కలం నా చేతికి వచ్చింది. సన్నటి శబ్దం కూడా లేదు. పని డబ్బులు వద్దన్నారు. ఆయన చేసిన చిన్న నల్ల ఎబొనైట్ కలం ఒకటి కొనుక్కున్నాను. దాన్ని ఎండలో పెట్టొద్దు, వేడినీళ్లలో కడగొద్దు, రంగు పోయి గోధుమగా అవుతుంది అని చెప్పి పంపారు.

నా నోటు పుస్తకం మొదటి పేజీలో ‘నాన్నగారిది: మధ్య నుంచి రెండు గీతలు పక్కకి’ అని రాసి, రింగు బొమ్మ గీసి గుర్తు పెట్టాను. పార్కర్‌ని నూలు సంచిలో, తేమ పీల్చడానికి సుద్దముక్కతో పాటు చేతిసంచిలో పెట్టుకున్నాను. ఎబొనైట్ కలాలన్నీ రేకు డబ్బాలో, సూట్‌కేసులో అడుగున.