క్రోమ్ డెవ్‌టూల్స్: తర్వాత పుట్టుకొచ్చే బటన్ల సంగతి తేల్చేది ఇదే

నేను పర్లాకిమిడిలో ఉంటూ చుట్టుపక్కల కొట్లకి వెబ్ పేజీలు చేస్తుంటాను. గుణుపురంలో ఒక కిరాణా హోల్‌సేల్ వాళ్ళ ఆర్డర్ పేజీ ఈమధ్య నా చేతికొచ్చింది, ఎవరో సగంలో వదిలేసిన పని. సరుకుల పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ ఉన్నాయి, చూడ్డానికి బానే ఉంది. కానీ "ఇంకో సరుకు" నొక్కి కొత్త వరస వేస్తే అందులోని "తీసేయి" బటన్ ఉలకదు పలకదు, కొత్త వరస వేయకముందు మొదటి వరసలోది మాత్రం పనిచేస్తుంది.

ఇలాంటివి తేల్చడానికే క్రోమ్ బ్రౌజర్‌లో డెవ్‌టూల్స్ ఉంది, పేజీ వెనకున్న కోడ్‌ని చూపించే పనిముట్టు. కొత్త బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ పెట్టి, ఈవెంట్ లిజనర్స్ (నొక్కితే నడవాల్సిన కోడ్) ట్యాబ్‌లో ఏన్సెస్టర్స్ (బటన్‌ని చుట్టి ఉన్న ఎలిమెంట్లు) టిక్ తీసేసి చూడండి. కొత్త వరస వేయకముందు మొదటి బటన్‌కి క్లిక్ కనిపిస్తుంది, కొత్తదానికి ఏమీ ఉండదు. బటన్లని వెతికి లిజనర్ పెట్టడానికి పాత కోడ్‌లో వాడిన క్వెరీసెలెక్టర్‌ఆల్ అనే ఆజ్ఞ ఆ క్షణానికి పేజీలో ఉన్నవాటినే ఇస్తుంది, తర్వాత పుట్టినవాటి ఊసు దానికి తెలీదు. అందుకే లిజనర్‌ని వరసలన్నీ ఉన్న టేబుల్‌కి పెట్టి, నొక్కింది ఏ బటనో క్లోజెస్ట్ అనే ఆజ్ఞతో పట్టుకోవాలి. అలా మార్చాక ఏన్సెస్టర్స్ మళ్ళీ టిక్ పెడితే టేబుల్ మీది లిజనర్ కూడా కనిపిస్తుంది, అప్పుడు మనసు కుదుటపడుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం బ్రేక్ ఆన్, అంటే పేజీలో ఫలానా మార్పు జరగ్గానే కోడ్‌ని ఆపేది. కొత్త వరస వేసినప్పుడల్లా పైన టైప్ చేసిన కిలోలు మాయమవుతున్నాయి, కొట్టాయనకి అదే టెన్షన్. టేబుల్ మీద సబ్‌ట్రీ మాడిఫికేషన్స్ (లోపల ఏది మారినా ఆగు) పెట్టి బటన్ నొక్కితే సరిగ్గా దోషం ఉన్న లైన్ దగ్గరే ఆగింది: ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి, అంటే టేబుల్ లోపలి హెచ్‌టీఎంఎల్ అంతటికీ, ప్లస్ ఈక్వల్‌తో వరస అతికించారు. అలా చేస్తే లోపలున్నదంతా చెరిపి మళ్ళీ కడుతుంది, టైప్ చేసిందీ పోతుంది, వాటికి నేరుగా పెట్టిన లిజనర్లూ పోతాయి. ఉన్నదాన్ని కదపకుండా కొత్తది మాత్రమే చేర్చే ఇన్‌సర్ట్ అడ్జసెంట్ హెచ్‌టీఎంఎల్ వాడితే ఆ గొడవ లేదు.

లోపాలూ ఉన్నాయి. జేక్వెరీ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడిన పేజీల్లో ఫ్రేమ్‌వర్క్ లిజనర్స్ టిక్ లేకపోతే మన కోడ్ బదులు లైబ్రరీ లోపలి కోడే చూపిస్తుంది, కొత్తవాళ్ళు అక్కడే తికమకపడతారు. ఇంకోటి, సెర్చ్ కింద వచ్చే పేర్ల జాబితాని చూద్దామని డెవ్‌టూల్స్‌లో నొక్కగానే అది మూసుకుపోతుంది. డెవ్‌టూల్స్‌లోని రెండరింగ్ ట్యాబ్‌లో ఎమ్యులేట్ ఎ ఫోకస్డ్ పేజ్ పెడితే నిలుస్తుంది, కానీ అది ఎక్కడో లోపల దాక్కుని ఉంది. లిజనర్ ఉన్న ఎలిమెంట్ పక్కనే ఫైర్‌ఫాక్స్ "ఈవెంట్" అని చిన్న గుర్తు పెడుతుంది, ఆ ఒక్క విషయంలో అదే మేలు.

పైసా ఖర్చు లేదు, ఎఫ్12 నొక్కితే చాలు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.