బాస్‌వుడ్డా, ఆల్డరా? ఫ్లాట్ ప్లేన్ బొమ్మకు ఏ చెక్క మేలు?

"బాస్‌వుడ్ అయిపోయింది, ఆల్డర్ ముక్క ఒకటి దొరికింది. దానితో బొమ్మ మొదలుపెట్టవచ్చా?" అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది రెండో బొమ్మ దగ్గరో మూడో బొమ్మ దగ్గరో ఉన్నవాళ్ళే. కత్తి పట్టు కుదిరింది, బొటనవేలికి తొడుగు అలవాటైంది, తీరా చెక్క మారేసరికి చేయి వెనకాడుతోంది. ఫ్లాట్ ప్లేన్ అంటే కత్తితో కొద్దిపాటి పెద్ద కోతలు కోసి, వాటివల్ల వచ్చిన చదును ముఖాలను, అంటే పలకలను, అలాగే వదిలేసే పద్ధతి. నేనూ ఈ మధ్యే ఆల్డర్‌కు మారాను. ఒకే బొమ్మను, టోపీ, పొడుగు కోటు ఉన్న ముసలాయనను, రెండు చెక్కల్లోనూ చెక్కి పక్కపక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదట అందరూ ఆరా తీసేది మెత్తదనం గురించి. చెక్క గట్టిదనాన్ని కొలిచే జంకా కొలమానంలో (అంకె పెరిగేకొద్దీ చెక్క గట్టిది) బాస్‌వుడ్ గట్టిదనం సుమారు 410, బటర్‌నట్‌ది 490, అమెరికా రెడ్ ఆల్డర్‌ది 590. ఆ అంకెలు చూసి ఆల్డర్‌కు దూరం జరగవద్దు. ఈ పద్ధతిలో కోతలు తక్కువ, ఉప్పుకాగితం తగలదు, కత్తి వదిలిన పలకే చివరిదాకా నిలిచే పలక. అందుకే నేను చూసేది ఒక్కటే: రెండు పలకలు కలిసేచోట అంచు ఎలా నిలుస్తుంది?

ముసలాయన కోటు వీపునే తీసుకుందాం. భుజం నుంచి కింది అంచుదాకా ఒకే పొడుగు కోత, దాని పక్కన ఇంకొకటి. రెండింటి మధ్య వెన్నులాంటి గీత రావాలి. ఆల్డర్‌లో ఆ గీత పదునుగా నిలిచింది. పక్కనుంచి దీపం పెడితే ఒక పలక వెలుగులోకి, రెండోది నీడలోకి వెళ్ళి, కోటు బరువుగా వేలాడుతున్నట్టు కనిపించింది. బాస్‌వుడ్‌లో అదే గీత మీద వేలు నాలుగుసార్లు తగిలేసరికి కొద్దిగా మొద్దుబారింది. చెక్కేటప్పుడు బొమ్మను గుప్పిట్లో పట్టుకోక తప్పదు, కాబట్టి ముందు కోసిన అంచులే ఎక్కువ నలుగుతాయి.

ఇక ముక్కు కింద, గడ్డం కింద పోగులకు అడ్డంగా కోయాల్సిన చోట్లు ఉంటాయి. కత్తి పదును రవ్వంత తగ్గినా బాస్‌వుడ్ అక్కడ తెగదు, నలుగుతుంది. తెల్లటి నూగు లేస్తుంది, రంగు వేశాక అది ఇంకా బాగా కనిపిస్తుంది. సగం నీళ్ళు, సగం స్పిరిట్ కలిపి చల్లితే కొంత నయం. ఆల్డర్ కొంచెం ఎక్కువ బలం అడుగుతుంది, కానీ తెగినచోట నునుపుగా మెరుస్తుంది. తోలుపట్టీ మీద కత్తిని తరచూ రుద్దే ఓపిక ఉన్నవాళ్ళకు ఆ బలం కూడా పెద్దగా అక్కరలేదు.

బాస్‌వుడ్ గొప్పతనం నాకు తెలియనిది కాదు. పోగు వాలు తప్పి కోసినా అది చాలావరకు సర్దుకుపోతుంది, ఆల్డర్ అంత సహించదు. పేడు లేవబోతోందని చేతికి తెలిసిన క్షణంలోనే కత్తి తిప్పుకుని అవతలి వైపు నుంచి రావాలి. జీవితంలో మొదటి బొమ్మ చెక్కేవాళ్ళకు బాస్‌వుడ్డే ఇస్తాను. కళ్ళు, పెదవులు సన్నగా తీర్చే అలవాటున్నవాళ్ళు కూడా దానితోనే ఉండవచ్చు.

బటర్‌నట్ రంగు బాగుంటుంది, నూనె ఒక్కటీ పట్టిస్తే చాలు, కానీ దాని చారలు చిన్న ముఖాన్ని మింగేస్తాయి. పైన్‌లో మెత్తని పొర, గట్టి పొర మార్చి మార్చి వస్తాయి, పలక సమంగా రాదు. బాల్సా వద్దు.

నా మనసు ఆల్డర్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం, ఈ పద్ధతికి పేరు తెచ్చిన స్వీడన్ శిల్పి ఆక్సెల్ పీటర్సన్ (1868–1925) బొమ్మలు. డోడర్‌హుల్ట్ ప్రాంతం వాడు కనుక డోడర్‌హుల్టార్న్ అని పిలిచేవారు. ఆయన చెక్కింది ఎక్కువగా ఆల్డర్‌లోనే, ఆస్కర్‌షామ్న్ మ్యూజియంలో ఆ బొమ్మలు ఉన్నాయి. వాటి ఫొటోల్లో వంగిన వీపులు, మడతపడ్డ ప్యాంట్లు చూడండి. కొద్దిపాటి పెద్ద కోతలతో మనిషి అలసట అంతా పలికింది.

ఆల్డర్ పచ్చిగా దొరికితే ఇంకా హాయి, కత్తి సులువుగా దిగుతుంది. అప్పుడే కోసిన తెల్లని చెక్క కాసేపటికి నారింజ రంగుకు తిరుగుతుంది, చెడిపోయిందని కంగారు పడవద్దు. దుంగను నిలువునా చీల్చి, నడిమి బెండు బొమ్మలోకి రాకుండా ముక్క తీసుకోండి. బెండు ఉంటే ఆరేటప్పుడు పగుళ్ళు అక్కడినుంచే మొదలవుతాయి. పోగులు తలనుంచి కాళ్ళకు నిలువుగా సాగాలి. అలా ఉన్నప్పుడు టోపీ అంచు, బూటు ముందుభాగం పొట్టి పోగుల మీద నిలుస్తాయి, వాటిని చివరిదాకా మందంగానే ఉంచండి. పని ఆపినప్పుడు బొమ్మను ప్లాస్టిక్ సంచిలో పెట్టండి, బూజు పట్టకుండా మధ్య మధ్య తీసి చూడండి. చెక్కడం అయ్యాక నీడలో ఆరనిచ్చి, కొన్నాళ్ళకొకసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగాకే రంగు డబ్బా మూత తీయండి.