నడక శిబిరాల లీడర్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నవాళ్లు దయచేసి ఆగండి

"ఉద్యోగం వదలండి, నలుగురినీ నడిపించండి" అని రోజూ రీల్స్ పెట్టే ఆ హైదరాబాద్ సంస్థ గురించే ఇది. పేరు రాయడం లేదు. వాళ్ల వీడియోలు చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. కొత్త బ్యాచ్‌కి అడ్వాన్సులు తీసుకుంటున్నారని నిన్న రాత్రి తెలిసింది. అప్పటినుంచి నిద్ర పట్టలేదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. వయసు 46. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చాలా ఏళ్లు చేసి మానేశాను. ఓ పదిమందిని వెంటబెట్టుకుని, ఫోన్లు పక్కన పెట్టించి, మౌనంగా నడిపించి, సాయంత్రం కూర్చుని మనసులో మాట చెప్పుకునేలా శిబిరాలు నడపాలన్నది నా కోరిక. అది ఇప్పటికీ ఉంది. ఆ పని పద్ధతిగా నేర్చుకుందామని వీళ్ల దగ్గర చేరాను. ఫీజు లక్ష, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,18,000 రూపాయలు. అరుణాచలంలో లోపలి దారిన గిరి ప్రదక్షిణ, ఏడాది పొడవునా నల్లమల అడవిదారిలో శ్రీశైలం నడక, ప్రథమ చికిత్సలో శిక్షణ, కోర్సు అయ్యాక సొంత బ్యాచ్. ఇవన్నీ బ్రోచర్‌లో రాసి ఇచ్చారు.

హైదరాబాద్‌లో జరిగిన క్లాసుల గురించి చెప్పడానికేమీ లేదు. స్లైడ్లు, చప్పట్లు, గ్రూప్ ఫోటోలు. అసలు శిక్షణ అరుణాచలంలోనే అన్నారు. ఏప్రిల్‌లో తీసుకెళ్లారు.

అక్కడ జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి.

లోపలి దారి అని చెప్పి అందరూ నడిచే 14 కిలోమీటర్ల తారు రోడ్డు మీదకే తీసుకెళ్లారు. అడిగితే "ఈసారి ఇలా కుదిరింది" అన్నారు. అటవీ శాఖ అనుమతి లేకుండా కొండ లోపలి దారిలోకి వెళ్లడానికి వీల్లేదు. అనుమతి కోసం వాళ్లు అసలు దరఖాస్తే పెట్టలేదని తర్వాత వాళ్ల ఆఫీసు అమ్మాయే చెప్పింది. సరే, రోడ్డయినా అరుణాచలమే కదా, నడుద్దాం అనుకున్నాం. కానీ అక్కడ ఎండాకాలంలో జనం రాత్రిపూటో తెల్లవారుజామునో ఎందుకు నడుస్తారో ఒక్కసారి వెళ్లొచ్చినవాళ్లందరికీ తెలుసు. మమ్మల్ని పొద్దున రాజగోపురం ముందు నిలబెట్టి, మాకు పాఠాలు చెప్పే ఆయనగారి వీడియోలు తీయించారు. నడక మొదలయ్యేసరికి పది దాటింది. చెప్పులు లేకుండా నడవాలని అందరికీ ఒకే నియమం పెట్టారు.

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. అరవై దాటాయి, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. చేరేటప్పుడు మాలో ఎవరినీ ఏ మందులు వాడుతున్నారని అడగలేదు, ఆరోగ్యం గురించి ఒక్క కాగితం నింపించలేదు. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు. కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. మనుషుల్ని నడిపించేవాడు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

నైరుతి లింగం దాటాక ఆవిడ వెనకబడిపోయారు. కాసేపటికి తూలి ఒక దుకాణం అరుగు మీద కూలబడ్డారు. కాళ్లు చూస్తే రెండు అరికాళ్లూ బొబ్బలే. చెమటలు పట్టి మాట తడబడుతోంది. షుగర్ పడిపోయిందేమోనని నాకు భయమేసింది. మా గుంపు వెనక సంస్థ మనిషి ఒక్కరూ లేరు. నేను ముందుకు పరుగెత్తి ఆయన్ని అందుకుని, "సార్, టీచరుగారు పడిపోయారు, ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ ఎవరి దగ్గరుంది?" అని అడిగాను. ఆయన ఆగలేదు. ఎదురుగా కెమెరా పట్టుకున్న కుర్రాడికి ఆగమని సైగ చేసి, వేలు పెదవుల మీద పెట్టుకుని నాతో అన్న మాటలు ఇవి:

"మేడమ్, మౌనం చెడగొట్టకండి. ఎవరి కర్మ వాళ్లు నడవాలి."

అని, మళ్లీ కెమెరాకి సైగ చేసి నడుచుకుంటూ వెళ్లిపోయారు. నడకంటే తోటి మనిషి కోసం ఆగడం అని మాకు మైకులో పాఠం చెప్పింది ఈయనే. ఆ క్షణం నేను జీవితంలో మర్చిపోలేను.

టీచరమ్మని కాపాడింది కొబ్బరిబొండాలమ్మే ఒక తమిళ తల్లి, ఒక ఆటో డ్రైవర్. ఆ తల్లికి తెలుగు రాదు, మాకు తమిళం సరిగా రాదు. అయినా మనిషిని చూడగానే నీడలో పడుకోబెట్టి, పంచదార నీళ్లు చేసి ఒక్కొక్క గుక్కే తాగించింది. ఆటో అతను ఆసుపత్రికి తీసుకెళ్లి చీటీ రాయించేదాకా పక్కనే ఉన్నాడు. డబ్బులిస్తే ఎంతో బతిమాలితే గానీ తీసుకోలేదు. సంస్థ నుంచి సాయంత్రం దాకా ఒక్క ఫోన్ రాలేదు. టీచరమ్మ ఇప్పుడు నెల్లూరులో కూతురి దగ్గర ఉన్నారు. పుండ్లు మానుతున్నాయి, కానీ ఇంకా డ్రెస్సింగ్ జరుగుతోంది.

నిండు నెలల రాణి నడిచినంత మెల్లగా గిరి ప్రదక్షిణ చేయాలని అరుణాచలంలో పెద్దలు చెప్తారు. అంత నెమ్మదిగా నడవమన్న చోట అరవై దాటిన మనిషిని ఎండలో వెనక వదిలేశారు.

హైదరాబాద్ వచ్చాక డబ్బు వాపసు అడిగాను. "మీలో ఇంకా నడక మొదలవలేదు, వచ్చే బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోండి" అన్నారు. సొంత బ్యాచ్ మాటేమిటంటే, జనాన్ని మేమే పోగుచేసి తేవాలట, వాళ్ల ఫీజులో మాకు కమీషన్ ఇస్తారట. శ్రీశైలం నడక సంగతి నేనే కనుక్కున్నాను. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా వెళ్లే ఆ దారి పులుల అభయారణ్యంలో ఉంది. శివరాత్రికీ ఉగాదికీ వెళ్లే భక్తుల కోసమే ఆ దారి తెరుస్తారు. ఏడాది పొడవునా అని బ్రోచర్‌లో ఎలా వేశారో వాళ్లే చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపేసింది. ఆ తర్వాత టీటీడీ మధ్యాహ్నం నుంచి ఆ దారిలో చిన్నపిల్లల్ని ఆపింది, భక్తుల చేతికి కర్రలిచ్చింది. అన్ని లక్షలమంది నడిచే దారిలోనే అంత జాగ్రత్త అవసరమైతే, ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ కూడా లేని మనిషి నల్లమలలోకి ఎవర్ని తీసుకెళ్తాడు?

నాకు ఎక్కువ బాధ వీళ్లు ఎవరికి వల వేస్తున్నారో చూసినప్పుడు. మా బ్యాచ్‌లో వీఆర్‌ఎస్ తీసుకున్న బ్యాంకు ఆయన ఉన్నారు, భర్త పోయి ఒంటరిగా మిగిలిన ఒక అక్క ఉన్నారు, పీఎఫ్ డబ్బులోంచి ఫీజు కట్టిన అన్నయ్య ఉన్నారు. అందరూ నలభై ఐదు దాటినవాళ్లే. ఉన్న పని వదిలేశాం, కొత్త పని ఇంకా చేతికి రాలేదు. మిగిలిన సగం జీవితం పదిమందికి పనికొచ్చేలా బతకాలని వచ్చినవాళ్లం. అలాంటివాళ్ల ఆశనే వీళ్లు సరుకు చేసుకున్నారు.

ఇక చేరాలనుకునేవాళ్లకి. అడవి నడక అంటే అటవీ శాఖ అనుమతి పత్రం కాపీ అడగండి. నడకలో అందరికంటే వెనక ఎవరు నడుస్తారో, ప్రథమ చికిత్స ఎవరికి వచ్చో పేర్లతో సహా అడగండి. జీఎస్టీ తీసుకుంటే అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉండే జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వాల్సిందే. ఆ నంబరు నిజమో కాదో జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మాకిచ్చిన రసీదులో నంబరే లేదు, డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి సొంత యూపీఐకి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, రెండేళ్లలోపు వేయొచ్చు. మా బ్యాచ్‌వాళ్లు బ్రోచర్, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ తీసేయకండి. కొత్త బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్లు ఇవాళే మెయిల్‌లో రద్దు అడగండి. ఫోన్‌లో మాట్లాడి సర్దుకుందామంటే ఒప్పుకోకండి.