హాప్‌కామ్స్ అంగడి: తల్లి తలలోని లెక్కలు పిల్లల సంచిలోకి

బెంగళూరులో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లులు ఏ దుకాణానికి వెళ్ళాలని నన్ను అడిగితే, మొదట హాప్‌కామ్స్ పేరే చెబుతాను. వీధి మలుపులోనో పార్కు గోడ పక్కనో కనిపించే ఈ చిన్న అంగడిని పాతకాలపు ప్రభుత్వ దుకాణంగా భావించి దాటిపోయేవారు చాలామంది ఉన్నారు. ఇది రైతుల సహకార సంఘం. 1959లో ఉద్యానశాస్త్రవేత్త డాక్టర్ ఎం.హెచ్. మరిగౌడ చొరవతో ద్రాక్ష రైతుల కోసం మొదలై, తరువాత అన్ని రకాల పండ్లకూ కూరగాయలకూ విస్తరించింది. రైతుల నుంచి నేరుగా కొని, ఏ రోజు ధర ఆ రోజు నిర్ణయించి, ఆ ధరను బోర్డు మీద రాసి అమ్మడం వీరి పద్ధతి. జయనగర్‌లో మా ఇంటి దగ్గరి అంగడికి నేను అలవాటు పడడానికి తాజాదనం ఒక కారణమైతే, ఈ పద్ధతి నా మనసు మీది భారాన్ని తగ్గించడం అంతకంటే పెద్ద కారణం.

ఆ భారం ఎక్కడిదో కాస్త వివరంగా చెప్పాలి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అయితే పని చేస్తున్నంతసేపూ, చేయనప్పుడూ తలలో నడిచే లెక్కలను ఏ గడియారమూ పట్టుకోలేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో ప్రచురించిన పరిశోధనలో ఈ కనపడని పనిని నాలుగుగా విడదీశారు: రాబోయే అవసరాన్ని ముందే ఊహించడం, దానికి మార్గాలు వెతకడం, ఒకటి నిర్ణయించడం, అది సవ్యంగా జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలు తరచుగా కలిసి కూర్చుంటారనీ, ముందుగా ఊహించడం, చివర కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా స్త్రీల మీదే పడుతున్నాయనీ ఆమె గమనించారు. పిల్లలకు పండ్లు, కూరలు తినే అలవాటు నేర్పుతున్న ప్రతి తల్లికీ ఇది అనుభవమే. అరటిపండ్లు రేపటికి సరిపోతాయా, బొప్పాయి వద్దనేవాడికి ఇంకేం పెట్టాలి, టిఫిన్ డబ్బాలో సగం జామకాయ ఎందుకు తిరిగివచ్చింది అనే ప్రశ్నలు ఆఫీసు మీటింగులోనూ వెంటాడుతూనే ఉంటాయి.

ఫోన్ యాప్‌లలో కూరగాయలు తెప్పించుకుంటే పని తగ్గుతుందని అంటారు. నడక తగ్గుతుంది గానీ ఆలోచన తగ్గదు. రాత్రి పిల్లలు పడుకున్నాక వందల రకాల మధ్య, తగ్గింపు ప్రకటనల మధ్య, పక్కనే మెరిసే చిప్స్ ప్యాకెట్ల మధ్య ఎంచుకునే పని మళ్ళీ తల్లిదే అవుతుంది. పిల్లలు ఆ ఎంపికను కళ్ళతో చూడనైనా చూడరు. హాప్‌కామ్స్‌లో ఆ రోజు వచ్చిన సరుకు కళ్ళెదురుగా బుట్టల్లో ఉంటుంది, బేరం ఆడవలసిన పని లేదు. అందువల్ల తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, ఆరేళ్ళ మా అబ్బాయి అక్కడ నిజంగా కొనుగోలుదారులు కాగలుగుతున్నారు. తెలుగు, కన్నడ అక్షరాలు దగ్గరివి కావడంతో మా అమ్మాయి బోర్డును తనే కూడబలుక్కుని చదువుతుంది.

నాకు అన్నింటికంటే నచ్చింది తూకం. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజుకు కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళవారికి 350 గ్రాములు, పదేళ్ళు దాటితే 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు అది అమ్మ సతాయింపుగానే వినిపిస్తుంది. అదే త్రాసు మీద తమ ఇద్దరి ఒక రోజు వాటా, ఏడు వందల గ్రాములు, ఎంత ఉంటుందో చూశాక లెక్క వాళ్ళదైపోయింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల రోజువారీ పళ్ళేనికి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. పండ్లకంటే కూరలే ఎక్కువ ఉండాలన్న ఆ సూచనతో మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: ఒక పండు ఎంచుకున్నవారు మూడు కూరలు కూడా ఎంచుకోవాలి. ఏలకి అరటి, జామ, కాలంలో దొరికే నల్లని బెంగళూరు బ్లూ ద్రాక్ష ముందుగా సంచిలో చేరతాయి. ఆ తరువాత బీన్స్, బెంగళూరు వంకాయ, ఈ ఊళ్ళో విరివిగా తినే సోయికూర వంతు వస్తుంది. తను ఏరి తెచ్చిన కూరను మా అబ్బాయి కనీసం రుచి చూస్తున్నాడు. పండ్ల రసం అడిగినప్పుడు మాత్రం పండే ఇస్తాను, ఎందుకంటే రసం తీస్తే పీచు పోతుంది.

అయినా అంగడి ఒక్కటే చాలదు. నేను చీటీ రాసిచ్చి మావారిని పంపినంత కాలం కాళ్ళకు విశ్రాంతి దొరికింది గానీ తలకు దొరకలేదు. ఇప్పుడు శనివారం ఫ్రిజ్ తెరిచి చూడడం, ఏం కావాలో పిల్లలతో మాట్లాడడం, కొనడం, వారం మధ్యలో ఏది మిగిలిపోయిందో గమనించడం, ఈ నాలుగూ ఆయన బాధ్యత. నేను ఫోన్ చేసి గుర్తు చేయను. ధర బోర్డు మీదే ఉండి, ఎంపిక పరిమితంగా ఉన్న చోటు కావడం వల్లనే ఈ అప్పగింత ఇంత సాఫీగా సాగిందని నా నమ్మకం.

ఇది ముఖ్యంగా పండ్లు, కూరగాయల అంగడి కాబట్టి పప్పులు, బియ్యం, నూనెల కోసం వేరే దుకాణానికి వెళ్ళవలసి ఉంటుంది. ఆకుకూరలు కావాలంటే ఉదయం పూట వెళ్ళడం మంచిది. పిల్లలకు సొంత గుడ్డ సంచి ఒకటి ఇస్తే వాళ్ళు మోయగలిగినంతే కొంటారు.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పని పంచుకున్నా నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, పిల్లల మీద పట్టలేని కోపం వారాల తరబడి ఉంటే అది కొనుగోళ్ళ సర్దుబాటుతో తీరేది కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. మన బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. తెలుగులోనూ మాట్లాడతారు.